మూడో గదిలో జ్వరం రాలేదు

బాబ్జీకి మలేరియా ఎక్కించి ఆదివారానికి ఆరు రోజులు.

ఆ పొద్దున తెల్లవారుతూనే రత్నం పొయ్యి వెలిగించి మూకుడు పెట్టింది. రెండెండలు తగిలిన కాకరకాయ చక్రాలు పళ్లెంలో గలగలలాడుతున్నాయి. నూనె కాగాక గుప్పెడు గుప్పెడుగా వేసి, మాడకుండా, మెత్తబడకుండా, ఎర్రగా తిరిగే వేళకి చిల్లుల గరిటెతో తీసింది. అదే నూనెలో ఎండుమిరపకాయలు, ధనియాలు, జీలకర్ర వేయించింది. వెల్లుల్లి పాయ చిదిపి పక్కన పెట్టింది. వసారాలో నులక మంచం మీద అత్త దగ్గి, అటు తిరిగి పడుకుంది. చాప మీద పద్నాలుగు నెలల దివ్యశ్రీ బోర్లా పడి నిద్రపోతోంది.

రత్నం ఒకసారి గుమ్మం వైపు చూసి, బియ్యం డబ్బా అడుగునుంచి బిళ్ళల అట్ట బయటికి తీసింది. పోయిన వానాకాలంలో తనకి చలిజ్వరం వచ్చినప్పుడు ఆశా వర్కరు ఇచ్చినవి. పది ఇస్తే, నాలుగు మింగేసరికే జ్వరం జారిపోయింది. మిగిలిన ఆరూ దాచింది. ఇప్పుడు ఆ ఆరింటినీ రోట్లో వేసి బండతో నూరింది. సున్నంలా తెల్లటి పొడి అయింది. నాలిక చివర అంటించుకుంటే ఒళ్లు జలదరించింది. ఈ చేదుని దాచగలిగేది కాకరకాయ ఒక్కటేనని ఆమె మూడు రోజుల కిందటే తేల్చుకుంది. మిరపకాయలు, కాకరకాయలు, ఉప్పు, చింతపండు అన్నీ దాని మీదే వేసి దంచింది.

ఎప్పుడు లేచిందో దివ్యశ్రీ పాక్కుంటూ వచ్చి రోటి అంచు పట్టుకుంది. వేళ్లకి కారం అంటింది. ఆ వేళ్లు నోటి దాకా పోకముందే రత్నం చెయ్యి ఒడిసి పట్టుకుంది. చెంబు నీళ్లతో కడిగింది, చాలక సబ్బు పెట్టి కడిగింది. పిల్ల గుక్క పట్టింది. అత్త లేచి కూచుని, కారమంటిన చేతికి అంత ఆర్భాటం ఏంటే అని విసుక్కుంది.  రత్నం కారాన్ని డబ్బాలోకి ఎత్తి, రోలు మూడుసార్లు కడిగింది. ఖాళీ అట్ట అత్త కంటపడకుండా తన పర్సులో దోపుకుంది.

వేట నిషేధం రోజులు. పడవలన్నీ పాలకాయతిప్ప ఒడ్డున ఎండుతున్నాయి. మలేరియాకి టీకా తయారుచేస్తున్నామని బందరులో ఒక పరిశోధన కేంద్రం వాళ్లు మాఘమాసంలో ఊళ్లోకి వచ్చారు. మూడుసార్లు టీకా పొడుస్తాం, ఆ తర్వాత మలేరియా ఉన్న దోమలతో కుట్టించి, మా కళ్లెదుటే ఉంచుకుని చూస్తాం, రేపు పిల్లలందరికీ పనికొస్తుంది అన్నారు. బాబ్జీ, అదే పడవ మీద పనిచేసే రాంబాబు, ఇద్దరూ సరేనన్నారు. కాగితాలు చదివి వినిపించిన రోజు రత్నం కూడా బందరు వెళ్లింది. పిల్ల ఏడుస్తోందని ఆమెని వరండాలో కూచోమన్నారు. లోపల రెండు గంటలు చదివారు. బయటికొచ్చి బాబ్జీ చెప్పింది రెండు ముక్కలు. దోమలతో కుట్టిస్తారు. రక్తంలో పురుగు కనపడేదాకా బిళ్ళ ఇవ్వరు.

ఆ రెండో ముక్క అప్పట్నించీ రత్నాన్ని నిద్రపోనివ్వలేదు. పురుగు ఉందని తెలిసీ ఇవ్వరా, కనపడేదాకా ఎన్నాళ్లు చూస్తారు, ఈలోగా మెదడుకి ఎక్కితే ఎవరు జవాబుదారీ? అడగడానికి ఆమెకి ఎవరూ కనపడలేదు. చదువు ఎనిమిదో తరగతితో ఆగిపోయింది, అడిగినా వాళ్ల భాష తనకి అర్థమవుతుందన్న నమ్మకం లేదు. తన చేతిలో ఉన్నది తను చేసింది.

*

అవనిగడ్డలో బస్సు మారి బందరు చేరేసరికి పదకొండయింది. వార్డుకి రెండు తలుపులు. ఒకటి మూసుకున్నాకే రెండోది తెరుస్తారు. దోమ లోపలికి రాకూడదు, లోపల ఏదైనా ఉంటే బయటికి పోకూడదు. కిటికీలన్నిటికీ సన్నటి జాలీ. రెండు తలుపుల మధ్య బల్ల వేసుకుని నర్సు మార్తమ్మ కూచుంటుంది. ఇంటినుంచి కూరలు తేకూడదు, పచ్చళ్లూ పొడులూ అయితే తెచ్చుకోవచ్చు. ఆమె డబ్బా మూత తీసి వాసన చూసింది.

కాకరకాయా, మా ఇంట్లో ఎవరూ ముట్టరు అంటూ మూత పెట్టి, లోపలికి పంపేసింది.

బాబ్జీ బుగ్గలు నిండాయి. పని లేక, ఫ్యాను కింద తిని పడుకుని తేటగా ఉన్నాడు. దివ్యశ్రీని ఎత్తుకుని, దోమల సంగతి అయిదోసారి చెప్పాడు. గ్లాసులో అయిదు దోమలు పోసి మూతికి వలగుడ్డ కట్టారట, దాని మీద చెయ్యి ఆనించి కూచోవాలట. ఇన్నాళ్లూ చేపలకి మనం కడితే ఇక్కడ మనకే కట్టారు వల అని నవ్వాడు. పక్క కుర్చీలోంచి రాంబాబు అందుకున్నాడు.

"చెల్లెమ్మా, నీ మొగుడు ఒక్కడే కుట్టించుకున్నట్టు చెప్తాడు గానీ, ఆ దోమలు మొదట నన్ను చూసే ఎగబడ్డాయి. వాడి రక్తంలో ఉప్పెక్కువ."

రత్నం నవ్వబోయింది గానీ మొహం సహకరించలేదు. అప్పుడే అటు వచ్చిన డాక్టర్ లిఖిత అది గమనించినట్టుంది. చిన్న వయసు మనిషి, చేతిలో అట్ట, దాని మీద కాగితాలు. నిలబడి, భయపడుతున్నారా అని అడిగింది. రత్నం తలూపింది.

"పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి రక్తం చూస్తామమ్మా. క్రిమి ఒక్కటి కనపడినా చాలు, ఆ గంటలోనే బిళ్ళలు మొదలుపెడతాం. జ్వరం ముదిరేదాకా ఎవర్నీ ఉంచం. కనపడకపోయినా ఇరవై ఎనిమిదో రోజున అందరికీ బిళ్ళలు ఇచ్చే పంపుతాం. ఇవన్నీ ఈయనకి చెప్పాం కదా, మీకు చెప్పలేదా?"

చెప్పానండి, దానికి బుర్రకెక్కదు అన్నాడు బాబ్జీ.

రత్నం గచ్చు వైపు చూసింది. ఆ గంటలోనే. ఆ మాట ఆ రోజు వరండాలోకి వినపడి ఉంటే రోట్లో బండ ఎత్తేది కాదు. డబ్బా అప్పటికే మూడో గదిలోకి వెళ్లిపోయింది. ఇప్పుడు నోరు తెరిస్తే వీళ్లందరి ముందూ తెరవాలి. పోనీలే, మందే కదా, విషం కాదు కదా అనుకుంది. పిల్లని చంకనేసుకుని తిరుగు బస్సెక్కింది.

*

బుధవారం కూడా చూడనిస్తారు గానీ, పిల్లకి పళ్లొస్తూ ఒళ్లు వెచ్చబడిందని రత్నం వెళ్లలేదు. గురువారం బాబ్జీ ఫోను చేశాడు. మొదటి గదిలో ఇద్దరికి, రెండో గదిలో ఒకరికి చలి పట్టుకుందట. వెంటనే బిళ్ళలు ఇచ్చారట. శుక్రవారం మళ్లీ చేసి, మరో ముగ్గురికి వచ్చిందన్నాడు. తమ మూడో గదిలో మాత్రం ఎవరికీ ఏమీ లేదని గర్వంగా చెప్పాడు.

"ఎవరికీనా?" అంది రత్నం. "నీకొక్కడికే కాదా?"

అయిదుగురం రాళ్లలా ఉన్నాం అన్నాడు బాబ్జీ. అసలు టీకా అందరికీ ఇవ్వలేదట, కొందరికి ఉత్త నీళ్లే పొడిచారట, ఎవరికి ఏది ఇచ్చారో అక్కడి డాక్టర్లకి కూడా తెలియదట. అయినా ఒకే గదిలో ఒక్కరికీ రాకపోవడం ఏంటని డాక్టరు మేడమ్ గారు పొద్దుట్నించీ తల పట్టుకుందట.

 కారం ఎలా ఉంది అని అడిగింది రత్నం.

"ఇంకెక్కడి కారమే, మంగళవారానికే డబ్బా కడిగేశాం. రాంబాబు అయితే వేళ్లు కూడా వదల్లేదు. మా గదిలో ఆ గుడివాడ సుందరరాజు అన్నం మొత్తం దాంతోనే కలుపుకున్నాడు."

నీకని పంపాను కదా అంది.

"పడవ మీద ఎవడి డబ్బా వాడు దాచుకుని తింటాడా?"

ఆ సంగతి రత్నానికి తెలియనిది కాదు. పుట్టినప్పట్నించీ చూస్తున్నదే. సముద్రం మీదికి ఎవరింటినుంచి ఏ గిన్నె పోయినా మధ్యలో పెట్టాల్సిందే, అందరి చేతులూ అందులో పడాల్సిందే. విడిగా తిన్నవాణ్ణి మర్నాడు పడవ ఎక్కనివ్వరు. అన్ని వేల సార్లు గిన్నెలు సర్ది పంపినది, ఈ ఒక్క డబ్బా దగ్గర ఆ మాట ఎలా మరిచిపోయిందో ఆమెకే తెలియలేదు. 

శనివారం మళ్లీ ఫోను. ఈసారి బాబ్జీ గొంతులో నవ్వు లేదు. పొద్దున మనుషులొచ్చి మూడో గది మంచాలు తిరగేశారట, పరుపులు దులిపారట, సంచులన్నీ కుమ్మరించి వెతికారట. దొంగలకి చేసినట్టు చేశారని పళ్లు నూరాడు. చివరికి గుడివాడ మనిషి సుందరరాజు సంచిలో బిళ్ళల అట్ట దొరికింది. తలనొప్పి బిళ్ళలు. రెండు మింగేసి ఉన్నాయి. బయటి బిళ్ళ ఏదైనా సరే లోపల ఉండకూడదని మొదట్లోనే చెప్పారు. ఆదివారం అతన్ని పంపేస్తున్నారు.

"అవి మలేరియా బిళ్ళలు కాదు కదా బావా," అంది రత్నం.

"దొరికింది అది. దొరకంది ఏముందో ఎవడికి తెలుసు? తాగేనీళ్లలో ఏదో కలిపుంటాడని రాంబాబు అంటున్నాడు. వాడిచ్చిన నీళ్లే కదా అందరం తాగాం. మిల్లులో బస్తాలు మోసుకునేవాణ్ణి తెచ్చి మా మధ్య పడేశారు."

రత్నం పెదవులు కదిలాయి. దివ్యశ్రీ ఫోను కోసం చెయ్యి చాచి లాగింది. ఆ లాగుడులో మాట లోపలికే పోయింది. ఉంటానే అని బాబ్జీ పెట్టేశాడు.

ఆ మధ్యాహ్నం ఆమె అన్నం కలిపి అలాగే వదిలేసింది. చెప్తే బాబ్జీ తలెత్తుకు తిరగలేడు. ఊళ్లో పెళ్లాం మందు పెట్టిందంటారు, ఆ మాటకి ఊళ్లో ఉన్న అర్థం ఇంకోటి. చెప్పకపోతే ఆ మనిషి దొంగయిపోతాడు. మిగిలిన నలుగురికీ టీకా పనిచేసిందని రాసుకుంటారు. రేపు ఆశా వర్కరు అదే టీకా పట్టుకుని గుమ్మంలోకి వస్తుంది, దివ్యశ్రీ తొడ పట్టుకోమంటుంది. పిల్లకి పొడిపించి, ఇక మలేరియా రాదని ఏ ధైర్యంతో పడుకోబెట్టాలి? పిల్ల పక్కనే కూచుని అన్నం మెతుకులు ఏరి నోట్లో పెట్టుకుంటోంది. రత్నం చూస్తూ కూచుంది.

*

ఆదివారం వార్డు బయట బల్ల మీద ఒక మనిషి సంచి ఒళ్లో పెట్టుకుని కూచున్నాడు. నలభై అయిదేళ్లుంటాయి. మెడ వెనక బస్తాలు మోసి మోసి కాయ కట్టింది. జాలీ అవతల మూడో గది వాళ్లు అటూ ఇటూ తిరుగుతున్నారు గానీ ఎవరూ ఇటు చూడటం లేదు. అతను దివ్యశ్రీని చూసి నాలిక బయటపెట్టి కళ్లు తిప్పాడు. పిల్ల కిలకిల నవ్వింది.

"బాబ్జీ వాళ్ల అమ్మాయి కదూ," అన్నాడు. "నేను సుందరరాజుని. నీ కాకరకాయ కారం ఉండబట్టి మూడు రోజులు ముద్ద దిగింది చెల్లెమ్మా. నన్ను చూడటానికొచ్చేవాళ్లు ఎవరూ లేరు. నాకంటూ ఎవరి ఇంటినుంచైనా తిండి వచ్చిందంటే అదే."

 రత్నం మార్తమ్మ బల్ల దగ్గరికి వెళ్లి, డాక్టరు గారితో ఒక్కదాన్నే మాట్లాడాలి అంది. మొగుడితో చూపులు కలపకుండా ఆమె వెనకాలే నడిచింది.

గదిలో ఏసీ చల్లగా ఉంది. డాక్టర్ లిఖిత కళ్ల కింద నలుపు దిగింది. రత్నం కూచోకుండానే పర్సు తెరిచి, ఖాళీ అట్ట తీసి బల్ల మీద పెట్టింది.

"ఇవి నేను నూరి కారంలో కలిపానండి. ఆరు. మొన్న ఆదివారం. ఆయనకొక్కడికే అనుకున్నాను. అందరూ తిన్నారు. ఆ పెద్దాయన ఏమీ చెయ్యలేదండి."

డాక్టరు అట్ట తిప్పి, చిన్న అక్షరాలు చదివింది.  తర్వాత ఎన్ని గంటలకి తెచ్చారు, ఎవరెవరు ఎంత తిన్నారో తెలుసా, పిల్ల గానీ నోట్లో పెట్టుకుందా అని ఒక్కొక్కటే అడిగి రాసుకుంది. దాచి ఉంచిన రక్తంలో ఈ మందు ఉందో లేదో చూస్తే తేలిపోతుందని చెప్పింది. మందు కలిసింది కాబట్టి ఆ గది మొత్తం ఇక పరీక్షకి పనికిరాదు. అంతకంటే ముఖ్యం, సగం సగం మందు పడ్డ మలేరియా అణిగి ఉండి, ఇంటికెళ్లాక లేస్తుంది. అయిదుగురికీ ఈ రోజే పూర్తి బిళ్ళలు మొదలుపెట్టాలి.

"బయటి మందు ఇవ్వకూడదని మీకెవరూ చెప్పలేదా?"

"చెప్పేటప్పుడు నన్ను వరండాలో కూచోబెట్టారండి."

డాక్టరు పెన్ను మూత పెట్టి, మళ్లీ తీసింది. నేను వాళ్లకి మీ పేరు చెప్పను, బయటి మందు కలిసిందని మాత్రం అంటాను అంది.  రత్నం చేతులు జోడించింది.

బయటికొచ్చి చూస్తే బల్ల ఖాళీగా ఉంది. సుందరరాజు వెళ్లిపోయాడు. పొద్దున అతనిచేత మొదటి మోతాదు మింగించి, మిగతా మూడు రోజుల బిళ్ళలు కవరులో పెట్టి ఇచ్చారు. ఆ కవరు బల్ల మీదే ఉంది. మార్తమ్మ ఫోను చేస్తే స్విచ్ఛాఫ్.

జాలీ దగ్గర బాబ్జీ నిలబడి ఉన్నాడు. మేడమ్ గారు ఇప్పుడే వచ్చి చెప్పిందట, గది మొత్తాన్నీ తీసేశారట.

"చూశావా, ఆ గుడివాడ వాడు చేసిన పనికి అందరం పోయాం," అన్నాడు. వెనకనుంచి రాంబాబు ఏదో బూతు కలిపాడు.

చేసింది తనేనని అక్కడే చెప్పొచ్చు. మధ్యలో సన్నటి జాలీయే. రత్నం పిల్ల జుట్టు సర్దింది. మార్తమ్మ కవరు పట్టుకుని గుడివాడ బయల్దేరుతుంటే, నేనూ వస్తానండి అంది.

*

గుడివాడలో జీపు దిగి రైలుగేటు దాటాక మిల్లు గోడ వెంట నడవాలి. ఎండ మాడుతోంది. ఊక వాసన ముక్కుల్లోకి పోతోంది. గోడని ఆనుకుని రేకుల గదులు వరసగా ఉన్నాయి. మూడో గది ముందు సుందరరాజు తీగ మీద లుంగీ ఆరేస్తున్నాడు. మార్తమ్మని చూసి మొహం తిప్పుకున్నాడు.

"ఇంకా ఏం వెతుకుతారు సిస్టరుగారూ? సంచి లోపలుంది, చూసుకోండి."

మార్తమ్మ తిట్టలేదు, గదమలేదు. ఒంటికి ఎలా ఉంది అని అడిగి, చెయ్యి పట్టుకుని చూసింది. కొంచెం వెచ్చగా ఉందంది. అన్నం తిన్నావా అంటే తిన్నానన్నాడు. అయితే ఇవి ఇప్పుడే మింగు, రాత్రికి మళ్లీ మింగాలి, మూడు రోజులు మానకూడదు అని కవరు చేతిలో పెట్టింది. అతను కవరు అరుగు మీద పెట్టేశాడు. నా ఒళ్లు నా ఇష్టం అన్నాడు.

రత్నం అరుగు చివర కూచుని, పిల్లని ఒళ్లోకి లాక్కుని చెప్పింది. బియ్యం డబ్బా, ఆరు బిళ్ళలు, రోలు, మేడమ్ గారి గది, అన్నీ చెప్పింది. మధ్యలో ఆగలేదు, ఏడవలేదు. అతను తీగ పట్టుకుని నిలబడి విన్నాడు. కోపం వస్తుందని ఆమె ఎదురుచూసింది. రాలేదు.

"ఆ కారం బాగుంది," అన్నాడు. "మొగుడి కోసం చేశావు. నేనైనా ఏమంటాను."

ఆమె లేవబోయింది.

"మేడమ్ గారికి చెప్పావు, మంచిపని చేశావు. బాబ్జీకి చెప్పావా?"

రత్నం తల అడ్డంగా ఊపింది.

"రాంబాబుకి? ఆ మిగతా ఇద్దరికి?" అతను వచ్చి అరుగు రెండో చివర కూచున్నాడు. "మేడమ్ గారు నన్ను ఏమనుకుంటే నాకేంటమ్మా, రేపు ఆవిడ ఎక్కడో నేనెక్కడో. వాళ్లతో పన్నెండు రోజులు ఒకే చోట తిన్నాను. నిన్న సాయంత్రం నేను నీళ్లు తాగిన గ్లాసుని నీ మొగుడు కాలితో పక్కకి జరిపాడు."

మార్తమ్మ ఎటో చూస్తోంది. గేటు పడుతున్న గంట వినపడింది. దివ్యశ్రీ అరుగు దిగాలని పెనుగులాడింది. రత్నం పిల్లని కిందికి దించి, ఫోను తీసి, బాబ్జీ నంబరు నొక్కి, లౌడు పెట్టి అరుగు మధ్యలో పట్టుకుంది.

"బస్సెక్కావా?" అంది బాబ్జీ గొంతు.

"లేదు బావా. గుడివాడలో ఉన్నాను, సుందరరాజు అన్నయ్య ఇంటి దగ్గర. రాంబాబు అన్నయ్యకీ, మిగతా ఇద్దరికీ వినపడేలా పెట్టు."

"వాడింటికి నువ్వెందుకెళ్లావే?"

"పెట్టు బావా."

ఏదో సర్దిన చప్పుడు. పెట్టాను, చెప్పి చావు అన్నాడు. రాంబాబు దగ్గు దగ్గరగా వినపడింది.

"బిళ్ళలు కలిపింది నేను," అంది రత్నం. "నేను పంపిన కారంలోనే. చలిజ్వరం బిళ్ళలు ఆరు, నా చేత్తోనే నూరాను. అన్నయ్య దగ్గర దొరికినవి ఉత్త తలనొప్పి బిళ్ళలు. ఆయన తెచ్చిచ్చిన నీళ్లలో ఏమీ లేదు. మీకు జ్వరం రాకుండా చేసింది నేను."

అటునుంచి ఫ్యాను తిరుగుతున్న చప్పుడు వస్తోంది. ఎవరో ఏదో అనబోయి ఆపేశారు.  బాబ్జీ ఫోను పెట్టేయలేదు.

సుందరరాజు కవరు అందుకుని అట్ట చించాడు. బిళ్ళలు అరచేతిలో పోసుకున్నాడు. మార్తమ్మ కుండలోంచి నీళ్లు ముంచి తెచ్చి ఇచ్చింది. అతను తల వెనక్కి వాల్చి మింగాడు. గొంతు ముడి కిందికీ పైకీ కదిలింది. పిల్ల అతని మోకాలు పట్టుకుని లేచి నిలబడింది.

ఫోనులో ఇంకా ఎవరూ మాట్లాడలేదు. రత్నం దాన్ని చెవి దగ్గరికి తీసుకోలేదు. ఏ మాట వచ్చినా అతనికీ వినపడేలా అలాగే అరుగు మధ్యలో పట్టుకుని కూచుంది.